పైపు విప్పే ముందు

పొదిలి నాలుగు దారులు కలిసే ఊరు. ఒంగోలు నుంచి మార్కాపురం పోయే బండైనా, దర్శి నుంచి కనిగిరి పోయే బండైనా ఇక్కడ కాసేపు ఆగి, టీ తాగి గాని కదలదు. గుంటూరు–గుంతకల్లు రైలు పడమటగా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పోయింది. పొదిలి మాత్రం తరాల పాటు రోడ్డునే నమ్ముకుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. కలెక్టరాఫీసులో పనిబడినా, పెద్దాసుపత్రికి పోవాల్సి వచ్చినా దూరాభారమే. ఆ దూరాలన్నీ బస్సులు, లారీలు, అద్దె అంబాసిడర్లు తిరిగాయి. వాటిని తిప్పుతూ ఉంచినవాళ్లు రోడ్డు పక్క రేకుల షెడ్లలోని మెకానిక్కులు.

ఆ షెడ్లలో జరిగే ఒక చిన్న పనిని ఇక్కడ పరిచయం చేస్తున్నాను. పాత కారులో పెట్రోలు పైపు మార్చాలన్నా, ఫిల్టరు వేయాలన్నా, పంపు దించాలన్నా ముందు ఆ లైన్లో నిలిచి ఉన్న ఒత్తిడిని తీసేయాలి. షెడ్డు భాషలో ‘ప్రెషర్ దించడం’. బండి చల్లారాక పావుగంటలో అయిపోయే పని. బిల్లులో దానికి పద్దు ఉండదు. సరిగ్గా చేస్తే బండి యజమాని కంటికి ఏమీ కనబడదు, అందుకే ఎవరూ మెచ్చుకోరు. మెకానిక్ ఎంత చదువుకున్నవాడో, ఎంత ఓర్పు గలవాడో తెలుసుకోవాలంటే మాత్రం నేను ఈ పావుగంటనే చూస్తాను. బండి ఏ కాలానిదైనా ఒత్తిడి అందులో ఎక్కడో ఒకచోట దాగి ఉంటుంది. ఆ చోటు తెలుసుకుని, దాన్ని తాను అనుకున్న వేగంతో, తాను అనుకున్న దారిలో బయటికి పంపడమే ఇందులోని పనితనం.

ఒక్కో తరానికి ఒక్కో చోటు

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి చేయించుకున్న కారు. అది చేతికి వచ్చేలోగానే, 1911లో, ఆయన కన్నుమూశారు. ఆ కాలపు సిల్వర్ ఘోస్టుల్లో పెట్రోలు టాంకు బండి వెనక, కింద ఉండేది. కార్బురేటర్ ముందు, ఎత్తున ఉండేది. పెట్రోలు పైకి ఎక్కాలి. అందుకోసం డ్రైవరు ముందుగా ఒక చేతి పంపుతో టాంకులోకి గాలి కొట్టేవాడు. ఇంజను తిరగడం మొదలయ్యాక దానికే అమర్చిన చిన్న గాలి పంపు ఆ పని అందుకునేది. లోపలి గాలి నెడుతుంటే పెట్రోలు ముందుకు పోయేది. అంటే ఆ కారులో ఒత్తిడి ఉండే చోటు టాంకే. మూత తిప్పి గాలి వదలకుండా ముందున్న పైపు విప్పితే టాంకులోని పెట్రోలంతా ఆ కంతలోంచి రావడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ బండి మీద పనిచేసిన మెకానిక్ మొదట బండి వెనక్కి నడిచి, టాంకు మూత మీద చెయ్యి వేయాలి.

మన రోడ్ల మీద ఎక్కువ కాలం రాజ్యం చేసిన కార్లలో ఈ చోటు మారింది. 1957 నుంచి 2014 దాకా ఉత్తర్‌పారాలో తయారైన హిందుస్థాన్ అంబాసిడర్, 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై 1974లో ప్రీమియర్ పద్మినీ అని పేరు మార్చుకున్న కారు, రెండింటి పాత పెట్రోలు రకాలూ కార్బురేటర్ బండ్లే. వాటి పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. ఇంజనులోని క్యామ్ షాఫ్టు తిరిగినప్పుడల్లా ఒక లీవరును నొక్కుతుంది. లీవరు లోపలి డయాఫ్రమ్‌ను కిందికి లాగుతుంది, స్ప్రింగు దాన్ని పైకి తోస్తుంది. లోపలికి ఒక వాల్వు, బయటికి ఒక వాల్వు. ఒత్తిడి 0.2 నుంచి 0.3 బార్, వాతావరణ పీడనంలో మూడో వంతు కూడా ఉండదు. కార్బురేటర్‌లో పెట్రోలు నిండగానే ఫ్లోటు తేలి సూది దారి మూసేస్తుంది. దారి మూసుకుంటే డయాఫ్రమ్ కిందనే నిలిచిపోతుంది, లీవరు ఊరికే ఆడుతుంది. ఎంత కావాలో అంతే పంపి ఆగడం ఆ పంపుకు పుట్టుకతో వచ్చింది. దీన్ని తీర్చిదిద్దినవాళ్లకు మొక్కాలనిపిస్తుంది.

ఒత్తిడి ఇంతే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంజను ఆపాక పంపు బయటి వాల్వుకూ, ఫ్లోటు సూదికీ మధ్య ఉన్న పెట్రోలు రెండు మూసిన తలుపుల మధ్య చిక్కుకుంటుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. పశ్చిమ ప్రకాశంలో రోహిణి కార్తెలో నీడలోనే అంతకు మించిన వేడి, కొన్ని రోజుల్లో 45 డిగ్రీలు దాటుతుంది. ఆపిన ఇంజను మీద బానెట్టు కింద వేడి ఇంకా చాలా ఎక్కువ. చిక్కుకున్న పెట్రోలు వ్యాకోచించి, కొంత ఆవిరై, పంపు ఎన్నడూ పుట్టించని ఒత్తిడిని తనంతట తానే పుట్టిస్తుంది. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల ఘాట్‌లో పాత అంబాసిడర్ ఎగశ్వాసతో ఆగిపోవడానికీ, డ్రైవరు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడానికీ కారణం ఈ ఆవిరే. తడిగుడ్డ వేయడం నేర్చినవాడికి ఒత్తిడి ఎక్కడుందో సగం తెలిసినట్టే. ఆ గుడ్డ వేసిన పంపు పైపునే వేడి మీద విప్పకూడదని తెలిస్తే మిగతా సగం కూడా తెలిసినట్టు.

తర్వాత కార్బురేటర్ బదులు పెట్రోలును ఒత్తిడితో ఇంజనులోకి చిమ్మే ఇంజెక్షన్ బండ్లు వచ్చాయి. ఢిల్లీ ప్రాంతంలో యూరో కాలుష్య ప్రమాణాలను త్వరగా అమలు చేయాలని 1999లో సుప్రీంకోర్టు ఆదేశించాక చిన్న కార్లలోనూ కార్బురేటర్ రోజులు దగ్గరపడ్డాయి. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 కూడా 2000 ప్రాంతంలో ఇంజెక్షన్‌కు మారింది. వీటిలో పంపు కరెంటుతో నడిచేది, టాంకు లోపలే మునిగి ఉంటుంది. లైన్లో ఒత్తిడి దాదాపు 3 బార్. అంబాసిడర్ పంపుకు పది రెట్లు. పెట్రోలు స్తంభాన్ని దాదాపు 40 మీటర్ల ఎత్తున నిలబెట్టగల బలం అది. సన్నని చీలికలోంచి బయటికి దూకితే ఆ ధార వేగం లెక్క ప్రకారం గంటకు 100 కిలోమీటర్లు.

ఇంజను ఆపితే ఈ ఒత్తిడి పోదు, పోకూడదని కావాలనే అలా చేశారు. మళ్లీ స్టార్టు చేసినప్పుడు వెంటనే అందుకోవాలంటే లైను నిండుగా ఉండాలి. పొదిలి రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బోరు మోటారు ఆపినా పైపులోని నీళ్లు కిందికి జారిపోకుండా కింద ఒక వాల్వు పట్టి ఉంచుతుంది కదా, పెట్రోలు పంపులోనూ అలాంటి వాల్వే ఉంది. తాళం తీసి జేబులో వేసుకుని ఇంటికి పోయినా అది తన పట్టు విడవదు.

యూరప్ కార్లలో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. బాష్ కంపెనీ కె-జెట్రానిక్ ఇంజెక్షన్ 1973లో పోర్షె 911లో వచ్చింది. ఆ తర్వాత మెర్సిడెస్, వోల్వో, ఫోక్స్‌వాగన్ కార్లు ఎన్నిటిలోనో చేరింది. దానిలో ఒత్తిడి 5 బార్ దాకా ఉంటుంది. పైగా లైన్లో ఒక అక్యుమ్యులేటర్ పెట్టారు. స్ప్రింగుతో వెనక్కి నెట్టే డయాఫ్రమ్ ఉన్న చిన్న డబ్బా అది, ఇంజను ఆగాక కూడా చాలాసేపు లైనును బిగువుగా ఉంచుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తించాలి. ద్రవం దాదాపు నొక్కుకుపోదు. కనుక మామూలు లైన్లో నాలుగు చుక్కలు బయటికి రాగానే ఒత్తిడి పడిపోతుంది. స్ప్రింగు ఉన్నచోట అలా కాదు. అది నిల్వ చేసుకున్న పెట్రోలంతా నెట్టేదాకా ధార ఆగదు. బార్ల అంకె ఒక్కటే చూసేవాడు ఇక్కడ మోసపోతాడు. నిల్వ ఎక్కడుందో చూసేవాడు ముందే పెద్ద గిన్నె పెట్టుకుంటాడు.

పావుగంట పని, దగ్గర నుంచి

పొదిలిలో ఒక పెద్ద మేస్త్రీ ఇంజెక్షన్ మారుతి మీద ఈ పని చేయడం నేను పక్కన నిలబడి చూశాను. బానెట్టు కింద పెట్రోలు హోసుకు పైన సన్నని పగుళ్లు వచ్చాయి. ఇంకా కారడం లేదు, కారకముందే మార్చాలి. కారుతున్న హోసైతే దారి వేరు. అప్పుడు ఇంజను స్టార్టు చేయడమే తప్పు.

ముందు ఆయన చేసింది ఏమీ చేయకపోవడం. బండి అప్పుడే ఊరి మీద తిరిగి వచ్చింది. “చల్లారనీండి సార్” అని ఇంకో పనిలో పడ్డారు. ఇది ఆలస్యం కింద లెక్కవేయకూడదు. దీనికి రెండు కారణాలున్నాయి. వేడెక్కిన ఎగ్జాస్టు మానిఫోల్డు మీద పెట్రోలు పడితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోవచ్చు, దాదాపు 280 డిగ్రీల వేడి చాలు. రెండోది అంత తేలిగ్గా తట్టదు. వేడి ఇంజనుతో ఈ పని చేయొద్దని సుజుకి సర్వీసు పుస్తకమే చెబుతుంది. పెట్రోలు తగ్గుతూ ఇంజను ఆగిపోయే ఆ చివరి క్షణాల్లో సరిగ్గా కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిస్టును చేరి, వేడి మీద ఉన్న దాన్ని పాడుచేస్తుంది. మన చేతి భద్రతకూ, బండి ఆయుష్షుకూ ఒకే మందు, ఓపిక.

తర్వాత బండిని తోయించి షెడ్డు లోపలి నుంచి బయట వేపచెట్టు నీడకు తెచ్చారు. లోపల కిందికి దిగి పనిచేసే గుంత ఉంది, పక్క షెడ్డులో వెల్డింగు నడుస్తోంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు. నేల మీద పాకి, గుంత దొరికితే అందులోకి దిగి కూర్చుంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు ఉంటే చాలు, అంటుకుంటుంది. సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా పెట్రోలు మండేంత ఆవిరిని వదులుతూనే ఉంటుందంటే, మన ఎండల్లో ఎంత వదులుతుందో ఊహించుకోవచ్చు. మేస్త్రీ గాలి ఎటు వీస్తోందో చూసి, ఆవిరి వెల్డింగు షెడ్డు వైపు పోకుండా బండి నిలిపారు. ఇసుక బకెట్టు, పొడి చల్లే ఎర్ర సిలిండరు చేతికందేంత దూరంలో పెట్టించారు. నీళ్ల బకెట్టు పెట్టలేదు. పెట్రోలు నీళ్ల మీద తేలి మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది.

గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, చక్రానికి రాయి. టాంకు మూతను మెల్లగా తిప్పి ఆగారు. సన్నగా బుస్సుమని ఆవిరి వెళ్లింది. అది వెళ్లాక మూత మళ్లీ బిగించారు. తర్వాత రిలేల పెట్టె తెరిచి, పెట్రోలు పంపుకు కరెంటు అందించే రిలేను పీకారు. ఇక్కడ నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది. పాతికేళ్ల బండిలో వైర్లు ఎన్నిసార్లు మారాయో ఎవరికీ తెలియదు. మూత మీద అచ్చయిన బొమ్మను ఆయన నమ్మలేదు. రిలే మళ్లీ పెట్టి, హెల్పర్ కుర్రాడితో తాళం తిప్పించి, తాను వెనక సీటు దగ్గర చెవి ఆనించారు. టాంకులోంచి రెండు సెకన్ల పాటు సన్నని మోటారు చప్పుడు. రిలే పీకించి మళ్లీ తాళం తిప్పించారు. చప్పుడు లేదు. అదీ రుజువు. చదివింది, విన్నది ఒకటయ్యాకనే తర్వాతి అడుగు.

రిలే లేకుండా ఇంజను స్టార్టు చేయించారు. ఇంజను మామూలుగానే అందుకుంది. కొద్దిసేపు ఏమీ తేడా లేనట్టే తిరిగి, తర్వాత నీరసించి, దడదడలాడి ఆగింది. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ప్రమాదకరమైన పెట్రోలును బయటికి తీసి గిన్నెలో పట్టనక్కర్లేదు. మండడానికే కట్టిన గదిలోకి, మండాల్సిన పాళ్లలో, ఇంజనే దాన్ని పంపించి కాల్చేస్తుంది. బండి తన ఒత్తిడిని తానే తాగేస్తుంది. ఇంతకన్నా శుభ్రమైన దారి ఇంకోటి నాకు తెలియదు.

ఇంజను ఆగింది కాబట్టి ఒత్తిడి సున్నా అయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నడవడానికి కావలసినంత లేదు గనుక ఇంజను ఆగింది. లైన్లో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అందుకే రెండు మూడుసార్లు, ఒక్కోసారి మూడేసి సెకన్లు సెల్ఫు కొట్టించారు. సెల్ఫు తిరుగుతున్నంతసేపూ ఇంజెక్టర్లు తెరుచుకుంటూనే ఉంటాయి, మిగిలింది వాటి గుండా వెళ్లిపోతుంది. ఆ తర్వాతనే బ్యాటరీ మైనస్ వైరు విప్పారు. ముందే విప్పితే సెల్ఫు తిరగదు. విప్పకుండా వదిలేస్తే పానా జారి తగిలిన చోట రవ్వ లేస్తుంది. ఏ పని ముందు, ఏది వెనక అన్న క్రమంలోనే ఈ విద్య సగం ఉంది.

చేతి వేగం

ఇప్పుడు హోసు జాయింటు బోల్టు. అద్దాలు పెట్టుకుని, జాయింటు కింద వెడల్పాటి ఇనప గిన్నె పెట్టారు. శుభ్రమైన నూలుగుడ్డను జాయింటు చుట్టూ రెండు పొరలుగా చుట్టారు. నైలాన్ గుడ్డ అయితే రాపిడికి కరెంటు పుట్టించవచ్చు, పైగా పెట్రోలును పీల్చుకోదు. రెండు పానాలు తీసుకున్నారు. ఒకటి బోల్టు తిప్పడానికి, ఇంకొకటి ఎదుటి భాగం కదలకుండా పట్టడానికి. ఒకే పానాతో తిప్పితే బిగువంతా సన్నని పైపు మీద పడి మెలి తిరుగుతుంది. పాత పైపు ఒకసారి మెలి తిరిగితే ఆ రోజు కాకపోయినా ఇంకో నెలకు చిట్లుతుంది.

మొహం పక్కకు తిప్పి, పావు చుట్టు కన్నా తక్కువ తిప్పి ఆగారు. తిప్పడం చూసినవాళ్లు చాలామంది ఉంటారు, ఈ ఆగడాన్ని చూడాలి. బోల్టు ఇంకా మరలతో పట్టుకునే ఉంది. వాషరు మాత్రమే కొంచెం వదులైంది. మిగిలిన ఒత్తిడి ఏమైనా ఉంటే ఆ సందులోంచి గుడ్డలోకి ఊరుతుంది. గుడ్డ ఒక పక్క చిన్న రూపాయంత తడిసింది. మళ్లీ కొంచెం తిప్పారు. ఇక తడి పెరగలేదు. అప్పుడు మాత్రమే బోల్టు పూర్తిగా బయటికి వచ్చింది. అనుకోనిది ఏదైనా జరిగి ధార వస్తే ఆ క్షణంలోనే బోల్టు బిగించి దారి మూయవచ్చు. వెనక్కి వెళ్లే దారి ఉన్నంతవరకే ముందుకు అడుగేయడం, ఆ పావు చుట్టులో ఉన్న తెలివి అది.

విప్పిన పైపు మూతికి వెంటనే సరిపడే బిరడా పెట్టారు. బండి కింద, టాంకు దగ్గర పనిచేస్తుంటే ఈ బిరడా ఇంకా ముఖ్యం. ఒత్తిడి పూర్తిగా దించినా, పైపు మూతి కన్నా టాంకులో పెట్రోలు మట్టం ఎత్తుగా ఉంటే అది తన బరువుతోనే కారుతూ పోతుంది. ఒత్తిడి వేరు, పల్లం వేరు. ఆ తేడా తెలియనివాడు ప్రెషర్ దించాను కదా అనుకుంటూ టాంకు ఖాళీ అవడం చూస్తాడు.

పాత హోసును ఆయన కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి లాగలేదు. బ్లేడుతో పొడవునా సన్నగా గాటు పెట్టి, తొక్క వలిచినట్టు విడదీశారు. పారేసే హోసు కోసం ఉంచుకోవాల్సిన పైపు మూతిని ఎందుకు పాడుచేయాలి? కొత్తగా వేసింది ఇంజెక్షన్ ఒత్తిడికి తట్టుకునే హోసు. దాని ఒంటి మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉంది. కార్బురేటర్ బండికి వేసే మామూలు హోసు వెడల్పులో సరిపోతుంది గాని బలంలో సరిపోదు. క్లిప్పు కూడా చుట్టూ సమంగా నొక్కే రకం. పళ్లున్న పట్టీ క్లిప్పును గట్టిగా బిగిస్తే రబ్బరును కోస్తుంది. బోల్టుకు రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు వేశారు. పాత వాషరు ఒకసారి నలిగి గట్టిపడింది, ఇంకోసారి అంత నమ్మకంగా ఒదగదు.

బిగించడంతో పని అయిపోదు. రిలే పెట్టి, బ్యాటరీ వైరు తగిలించి, తాళం తిప్పించారు. సెల్ఫు కొట్టలేదు. పంపు రెండు సెకన్లు తిరిగి ఆగింది. తాళం తీసి, మళ్లీ తిప్పి, అలా మూడు నాలుగుసార్లు. ఆ మధ్యలో కొత్త హోసును వేళ్లతో నొక్కి చూశారు, మెత్తగా ఉన్నది క్రమంగా గట్టిపడింది. ఒత్తిడి తిరిగి వచ్చిందన్నమాట. జాయింటు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను చూసి, వాసన చూశారు. పొడిగానే ఉంది. ఆ తర్వాతే ఇంజను స్టార్టు చేయించి, తిరుగుతున్న ఇంజను మీద ఇంకోసారి, వేడెక్కాక మరోసారి చూశారు. గిన్నెలో పడ్డ కాస్త పెట్రోలు మూత ఉన్న ఇనప డబ్బాలోకి పోయింది. తడిసిన గుడ్డ షెడ్డులో మూలన పడలేదు, దూరంగా ఆరుబయట తీగ మీదికి ఎక్కింది.

బండి మారితే దారి మారుతుంది

ఈ పద్ధతిని అన్ని బండ్లకూ ఒకేలా రుద్దకూడదు. కార్బురేటర్ అంబాసిడర్, పద్మినీలకు రిలే లేదు, కరెంటు పంపు లేదు. అక్కడ చల్లారాక టాంకు మూత విప్పి ఆవిరి వదలాలి. టాంకు వైపు హోసు మంచి రబ్బరుదైతే దాన్ని మెత్తగా నొక్కి పట్టే క్లాంపు వేసి, కార్బురేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజనును స్లోలో తిరగనివ్వాలి. ఫ్లోటు కిందికి జారి, సూది తెరుచుకుని, చిక్కుకున్న పెట్రోలుకు దారి దొరుకుతుంది. ఆ వేడి మళ్లీ చల్లారాకే జాయింటుకు గుడ్డ చుట్టాలి. హోసు ఎండి పగిలినదైతే క్లాంపు వేయకూడదు, నొక్కిన చోటే తెగుతుంది.

ఇంజెక్షన్ బండే అయినా అసలు స్టార్టు కాకపోతే ఇంజనుతో తాగించే దారి మూసుకుపోయినట్టే. అప్పుడు ప్రెషర్ చూసే వాల్వు ఉన్న బండికి గేజి తగిలించి, దాని గొట్టం గుండా డబ్బాలోకి వదలాలి. లేకపోతే గుడ్డ, గిన్నె, పావు చుట్టు, వాటికి తోడు ఇంకా ఎక్కువ ఓర్పు. కె-జెట్రానిక్ లాంటి బండికి అక్యుమ్యులేటర్ నిల్వ బయటికి వస్తుందని ముందే తెలిసి సిద్ధపడాలి. డీజిల్ కథ పూర్తిగా వేరు. ట్రాక్టరు, లారీ పంపుల్లో ఎయిర్ తీసే అలవాటుతో కొత్త కామన్ రైల్ ఇంజను మీద చెయ్యి వేయరాదు. ఆ లైన్లలో వెయ్యి బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది, కంటికి కనిపించని ధార చర్మంలోకి దూరిపోతుంది. లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూడటం అక్కడ వేలు పోగొట్టుకోవడమే.

ఈ విద్యకు ఇప్పుడు అవసరం పెరిగింది

2021లో కేంద్రం మోటారు వాహన నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు వింటేజ్ గుర్తింపు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఇచ్చింది. ఇళ్ల వెనక టార్పాలిన్ కప్పుకుని పడున్న తాతల నాటి అంబాసిడర్లను మళ్లీ రోడ్డెక్కించాలన్న కోరిక ఆ వయసు బండ్లున్నవాళ్లకు కలగడం సహజం. ఏళ్ల తరబడి కదలని బండిని లేపాలంటే మొదట ముట్టుకోవాల్సింది పెట్రోలు లైనునే. ఇంకో పక్క 2023లో దేశంలో ఈ20 పెట్రోలు అమ్మకం మొదలైంది. ఐదో వంతు ఇథనాల్ కలిసిన ఆ పెట్రోలు కోసం పాత బండ్ల రబ్బరు తయారు చేయలేదు. హోసులు, డయాఫ్రమ్‌లు ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చిట్లుతాయి. కనుక రానున్న ఏళ్లలో మన షెడ్లలో పాత హోసులు విప్పే పని పెరుగుతుంది. విప్పిన ప్రతిసారీ ప్రెషర్ దించే పని ఉంటుంది.

మార్కాపురం పలకకు దేశమంతా పేరుంది. ఆ పనివాళ్ల చేతులు ఎలా ఉంటాయో రాసినవాళ్లున్నారు. ఇక్కడి మోటారు పనివాళ్ల చేతుల గురించి అలా రాసింది తక్కువ. వాళ్లు చేసిన వస్తువు దుకాణంలోకి రాదు, వాళ్లు జరగకుండా ఆపిన ప్రమాదం పేపర్లోకి రాదు. హెల్పర్‌గా చేరిన పిల్లవాడు చూసి నేర్చుకోవాలి, అంతే. పెద్ద మేస్త్రీ తొందరపడితే తొందర నేర్చుకుంటాడు, ఆగితే ఆగడం నేర్చుకుంటాడు. ఆ రోజు నేను చూసిన కుర్రాడికి ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. తాళం తిప్పమన్నారు, చప్పుడు వినమన్నారు, వినబడిందా లేదా అని అడిగారు. జవాబు వచ్చేదాకా చెయ్యి కదపలేదు. దీన్ని మించిన పాఠం పుస్తకంలో ఉండదు. అయితే పుస్తకంలో ఉన్న కారణాలు కూడా ఆ కుర్రాడికి అందాలి. ఎందుకో తెలిసినవాడే కొత్త రకం బండి వచ్చినప్పుడు కొత్త దారి వెతుక్కోగలడు.

బండి యజమానులకు నా మనవి ఒకటే. పాత కారును షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు మేస్త్రీని తొందరపెట్టకండి. చల్లారాలంటే చల్లారనివ్వండి. బండిని బయటికి తోస్తానంటే ఒక చెయ్యి వేయండి. కొత్త వాషర్లు, అచ్చు ఉన్న హోసు కావాలంటే ఆ ఖర్చు దగ్గర బేరమాడకండి. బిల్లులో పద్దు లేకపోయినా ప్రెషర్ దించిన ఆ పావుగంటకు కూలి కలిపి ఇవ్వండి. అంబాసిడరూ, పద్మినీ, పాత మారుతీ ఇంకో ఇరవై ఏళ్లు మన రోడ్ల మీద తిరగాలంటే విడిభాగాలు దొరకడం ఒక్కటే చాలదు. పైపు విప్పే ముందు ఆగడం తెలిసిన చేతులు మిగలాలి. ఆ పనితో ఇల్లు గడిస్తేనే వాళ్లు ఈ పనిలో మిగులుతారు.